ఫ్యాన్ అక్కర్లేని పెట్టె

సంసారం సుఖంగా సాగాలంటే ఇంటికో అల్యూమినియం పెట్టె ఉండి తీరాలి! నగలు దాచుకునే పెట్టె అనుకునేరు. కాదు. అరచేతిలో ఇమిడే కంప్యూటర్ బోర్డును లోపల పడుకోబెట్టి, పైన స్క్రూలు బిగించే పెట్టె.

మావారు ఈమధ్యే కొన్నారు. ఇంట్లో ఉన్న ఫొటోలు, సినిమాలు అన్నీ ఆ బోర్డులోకి ఎక్కించి టీవీలో చూస్తుంటారు. ఇదివరకు దానికి ప్లాస్టిక్ డబ్బా, ఆ డబ్బాకి బొటనవేలంత ఫ్యాన్ ఉండేవి. ఆ ఫ్యాన్ దోమలా రొద పెడుతుంటే మావారికి తల పగిలిపోయేది. పక్కింటివాళ్లు గోడకి డ్రిల్లింగ్ చేయిస్తున్నా గురక ఆపని తల అది!

కొత్త పెట్టెకి ఆ గొడవే లేదు. చిప్పులో పుట్టిన వేడిని పెట్టె తన ఒంటికే పట్టించుకుని, వీపు మీదున్న దువ్వెన పళ్ల లాంటి గాడుల్లోంచి గాలికి వదిలేస్తుంది. దీన్ని ప్యాసివ్ కూలింగ్ అంటారట. చప్పుడు చెయ్యదు, ఎదురు చెప్పదు, కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటుంది. ఇలాంటి కోడలు ఎక్కడైనా దొరుకుతుందా?

కాకపోతే దానికీ చిన్న చిన్న ముచ్చట్లుంటాయి. చుట్టూ గాలి ఆడాలి. అందుకని కిటికీ పక్కనున్న మా అత్తగారి కుర్చీ మూలకి జరిగింది. ఒళ్లంతా లోహం కాబట్టి వైఫై సరిగ్గా అందదు. అందుకని గుమ్మానికి అడ్డంగా కేబుల్ వచ్చింది. దాన్ని దాటుకుంటూ తిరగడం వల్ల నాకు ఎంత వ్యాయామమో!

ఎండలు ముదిరాయి. ఒకరోజు దుమ్ము తుడవబోయి చెయ్యి కాల్చుకున్నాను.

"మంచిదే! లోపలి వేడి బయటికొస్తోందన్నమాట," అన్నారు మావారు సంబరంగా.

చూశారా? పెట్టె వేడి బయటపెడితే ఆరోగ్యం. అదే పని నేను చేస్తే నోటిదురుసు!

ఆ తర్వాత సినిమాలు నత్తనడక నడవడం మొదలుపెట్టాయి. నేను కంగారుపడితే ఆయన మురిసిపోయారు. "ఎంత తెలివైందో చూడు! ఒళ్లు వేడెక్కితే తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది." దాన్ని బద్ధకం అన్నవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరు.

అయినా సినిమా చూడాలి కదా! అందుకని వంటింట్లో ఉన్న టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టె ఎదురుగా పెట్టారు.

"ఫ్యాన్ అక్కర్లేదని కొన్న పెట్టెకి ఫ్యాన్ ఏంట్రా?" అన్నారు అత్తగారు.

"ఇది పెట్టెలో ఫ్యాన్ కాదమ్మా. పెట్టె బయట ఫ్యాన్!"

ఇంత సైన్స్ విన్నాక ఆవిడ విసనకర్ర వెతుక్కుంటూ వెళ్లిపోయారు. నేను మాత్రం ఉండబట్టలేక ఫ్యాన్ తిరిగి ఇమ్మన్నాను. "ఈ ఎండలు పోయేదాకా ఓర్చుకోవే. అయినా పొయ్యి దగ్గర ఫ్యాన్ ఉంటే మంట నిలవదు," అన్నారాయన. ఇన్నాళ్లూ మంట నిలవకుండానే ఈయనగారికి మూడు పూటలా వండిపెట్టానన్నమాట!

ఆలోచిస్తే అదీ నా మంచికే. చెమట పడుతుంది, అది ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. కరెంటు ఖర్చు లేదు, చప్పుడు లేదు. దేవుడు ఆడదానికి పుట్టుకతోనే ప్యాసివ్ కూలింగ్ ఇచ్చాడు. చెడిపోయే భాగాలు లేవా అంటే, నడుము, మోకాళ్లు ఉన్నాయనుకోండి. వాటికి వారంటీ ఎవరిచ్చారు గనక?

నిన్న మధ్యాహ్నం పొయ్యి మీంచి గిన్నె దించుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకుని అలాగే నేల మీద కూలబడ్డాను. ముందుగదిలోంచి సినిమా పాట వినిపిస్తోంది. కేకేద్దామనుకున్నాను, ఆ పాట హోరులో ఎవరికి వినపడుతుంది? నిజం చెప్పొద్దూ, భయమేసింది. ఏడుపూ వచ్చింది.

కాసేపటికి లేచి, మొహం కడుక్కుని, ముందుగదిలోకి వెళ్లాను. ఆయన కళ్లు టీవీకి అతుక్కుపోయి ఉన్నాయి. ఫ్యాన్ ప్లగ్గు పీకి, చంకన పెట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను. స్టూలు లాక్కుని, ఫ్యాన్ మొహానికెదురుగా పెట్టుకుని, ఫుల్ స్పీడులో తిప్పాను.

కాసేపటికి పాట సగంలో ఆగిపోయింది.

"ఒసేయ్, ఏమైందే దీనికి?" అని కేకేశారు మావారు.

"దాని సంగతి నాకు తెలీదండీ! నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది."