సమాధుల్లో సమాధానాలు చెప్పరాదు

గైడు నోరు మూయించినవాడికి విగ్రహం కట్టించాలి! పొరపాటున అన్న మాట కాదిది. ఈజిప్టులోని లక్సర్‌లో సగం జీవితం గైడుగా అరిగిపోయిన ఈ షాజ్లీయే అంటున్నాడు.

పాతకాలపు ఫారో రాజుల సమాధులున్న రాజుల లోయలో మాకో నిబంధన ఉంది. సమాధి బయట బోర్డు దగ్గర నిలబడి గైడు ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. గుమ్మం దాటాక మాత్రం పెదవి విప్పకూడదు. లోపల గైడు మొదలుపెడితే జనం కదలరట, జనం కదలకపోతే వాళ్ళ ఊపిరికీ చెమటకీ గోడల మీది రంగులు పాడవుతాయట. కనుక సమాధుల్లో సమాధానాలు చెప్పరాదు!

తోటి గైడులు దీన్ని తిట్టుకోని రోజు లేదు. నేను మాత్రం ఇది వరం అంటాను. నా సంగతి నాకు తెలియదా? మా ఊరి పక్కన పారేది నైలు నది, నా నోట పారేది వాగు. ఎవరికీ వాగ్దానం చేసి తప్పినవాణ్ణి కాదు. నేను చేసేదల్లా వాగుడు దానం!

చరిత్రనే అడగండి. మా పొలాల అంచున కూర్చున్న రెండు మెమ్నాన్ విగ్రహాల్లో ఒకటి పూర్వం తెల్లవారుతూనే పాడేదట. దాన్ని వినడానికి జనం సముద్రాలు దాటి వచ్చేవారట. ఎవరో పుణ్యాత్ముడు రాళ్లు పేర్చి బాగుచేశాడు, దాని గొంతు పడిపోయింది. మరి ఇప్పుడు? బస్సుల మీద బస్సులు! మూసుకున్న నోటికి గిరాకీ ఎంతుందో చూశారా?

ఇంకో విడ్డూరం వినండి. మమ్మీని సమాధిలో పెట్టే ముందు పూజారులు దానికి నోరు తెరిపించే తంతు ఒకటి చేసేవారు, పై లోకంలో తినడానికీ మాట్లాడటానికీ పనికొస్తుందని. చచ్చినవాడికి నోరు తెరిపించిన గుమ్మంలోనే బతికున్నవాడికి నోరు మూయిస్తున్నామంటే, దేశం ముందుకు పోయిందా లేదా?

ఇంత గట్టిగా వాదించడానికి కారణం ఉంది. మొన్న శుక్రవారం నా ఉద్యోగం సమాధి అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

మా ఆవిడ పేరు ఇన్సాఫ్. అంటే న్యాయం. పెళ్లయ్యాక నాకు న్యాయం జరగలేదంటే ఒప్పుకోను. పూటపూటా జరుగుతూనే ఉంది. వాళ్ల అన్నకి అలబాస్టర్ రాతి గిన్నెల దుకాణం ఉంది. గైడు పని మానేసి అందులో కూర్చోమని ఆవిడ పట్టు పట్టింది.

"నేను చెప్పేది నువ్వు ఒక్కసారైనా వచ్చి విన్నావా?" అన్నాను.

"ఇంట్లో వింటున్నది చాలదా?"

"ఇంట్లోది వాగుడు. అక్కడ చెప్పేది విద్య!"

"అలాగా! అయితే రేపు మా ఖాలా వాళ్లతో నేనూ వస్తున్నా, కరీమా నాన్నా. విన్నాక చెప్తా, దుకాణమో, నీ విద్యో." కరీమా మా అమ్మాయి. దాని పేరు ముందు పెట్టి పిలిచిందంటే తీర్పుకి తారీఖు పడిందనే లెక్క.

ఫిక్రియా ఖాలా అంటే మా ఆవిడ పిన్ని. మన్సూరా పట్నం నుంచి తన వీధిలోని ఆడవాళ్లందరినీ బస్సెక్కించుకుని దిగింది. నేను చొక్కా ఇస్త్రీ చేసుకుని, గొంతుకి మందారపూల షర్బతు పట్టించి సిద్ధమయ్యాను.

కర్నక్ గుడి స్తంభాల మధ్య నిలబడి ఆ రోజు నేను చెప్పింది వింటే ఫారోలే లేచి వచ్చి "ఫరవాలేదు" అనేవారు! స్తంభాలు కదిలాయేమోగాని మా ఆవిడ స్తంభించలేదు. నీడ చూసుకుని కూర్చుని పిన్నితో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతోంది. నేను రాజు పేరు చెబితే టప్, రాణి పేరు చెబితే టప్. 

గుడి చెరువు పక్కన రాతి పేడపురుగు ఉంది. దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తే కోరిక తీరుతుందని మా గైడులందరం చెబుతాం. ఎవరు మొదలుపెట్టారని అడక్కండి, మాలాంటి నోళ్లదే ఆ పుణ్యం అని నా అనుమానం. ఆడవాళ్లంతా తిరిగారు. ఇన్సాఫ్ కూడా కళ్లు మూసుకుని మరీ తిరిగింది. నా గుండె పొంగింది.

"ఏం కోరుకున్నావు?"

"నీ గొంతు బొంగురుపోవాలని."

బస్సు నది దాటింది. లోయ దగ్గర కరెంటు బండి ఎక్కాం. దాన్ని మేం తఫ్‌తఫ్ అంటాం. ఆ పూట మాత్రం నాకది 'తప్పు తప్పు' అంటున్నట్టే వినిపించింది. ఇక మిగిలింది ఈ ఒక్క చోటే. బోర్డు దగ్గర ఉన్న విద్యంతా కుమ్మరించాను.

"చనిపోయినవాడు దేవతల ముందు నిలబడి ప్రమాణం చేయాలమ్మా! నేను దొంగతనం చేయలేదు, అబద్ధమాడలేదు, మాటలు పెంచలేదు..."

"మాటలు పెంచలేదనా?" ఇన్సాఫ్ గొంతు లోయంతా మోగింది. "అయ్యో, కరీమా నాన్నా! అక్కడ నీ గతేం కాను!"

ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. ఫిక్రియా ఖాలా కళ్లు తుడుచుకుంటూ, "పోనీలేవే, నీ మొగుడు ఆ దేవతల్ని కూడా మాటల్లో పెట్టి నిద్రపుచ్చేస్తాడు" అంది.

మామూలుగా నేను బయటే ఉండిపోతాను. ఆ పూట మా ఆవిడ వెంట లోపలికి వెళ్లాను. కాపలా ముర్సీ నన్ను ఎరుగున్నవాడే. పెదవుల మీద వేలు పెట్టి, "ఉస్తాజ్, తెలుసుగా" అన్నాడు, పంతులుగారూ అన్నట్టు.

కింది గది పైకప్పు నిండా చీకటి నీలం, దానిలో పసుపుపచ్చటి నక్షత్రాలు. ఆ చివర నుంచి ఈ చివరదాకా ఒళ్లు సాచిన స్త్రీ. నోటి దగ్గర ఒక సూర్యుడు. ఇన్సాఫ్ తలెత్తి అలాగే నిలబడిపోయింది. ముసుగు జారి భుజం మీద పడినా సర్దుకోలేదు. చేతిలో గింజల పొట్లం ఉన్న సంగతే మరిచిపోయింది.

నా చొక్కా చేయి పట్టుకుని లాగింది. "కరీమా నాన్నా, ఆవిడెవరు? సూర్యుణ్ణి ఎందుకు తింటోంది?"

అయ్యా, అమ్మా! ఈ ఇల్లాలు నన్ను ఎన్నడూ ప్రశ్నలు అడగలేదని కాదు. ఇంతసేపు ఎక్కడ చచ్చావని అడిగింది. గ్యాసుబండ ఎందుకు తేలేదని అడిగింది. నాకు తెలిసిన విషయాన్ని తెలుసుకుందామని అడగడం మాత్రం అదే మొదటిసారి! జవాబు నాలుక చివరన గెంతుతోంది. నోరు తెరిచాను.

"ఉస్తాజ్! నోరు!" మెట్ల మీద నుంచి ముర్సీ.

మూశాను. ఆవిడ ఇంకా నా మొహంలోకే చూస్తోంది. చేసేది లేక నోరు చూపించాను, పొట్ట నిమురుకున్నాను, రెండు చేతుల్తో గుండ్రంగా ఒకటి లోపల దొర్లుతున్నట్టు తిప్పాను, ఆఖర్న మోకాళ్ల దగ్గర బయటికి తోశాను.

"కడుపునొప్పా?" అంది ఇన్సాఫ్ గాభరాగా. "పొద్దున ఆ చిక్కుడుగింజల కూర అంత తినకురా బాబూ అంటే వినవు!"

ఎండలోకి రాగానే ఎదురు తిరిగి నిలబడ్డాను. "ఇన్సాఫ్, విను. ఆవిడ..."

"అక్కర్లేదులే, తెలిసిపోయింది. సాయంత్రం మింగుతుంది, రాత్రంతా కడుపులో మోస్తుంది, పొద్దున కంటుంది. కాళ్ల దగ్గర మళ్లీ ఎర్రటి సూర్యుడున్నాడుగా! ఆడదానికి ఆమాత్రం తెలీదా?" ముసుగు సర్దుకుంది. "నువ్వు చెప్పుంటే ఈపాటికి నిద్రొచ్చేది."

తిరుగు బస్సులో తీర్పు వచ్చింది.

"నువ్వు గైడు పని మానొద్దు."

"నిజంగానా! అంత నచ్చిందా?"

"నచ్చడమా? పొద్దుట్నుంచీ చూస్తున్నా. ఆ స్తంభాల దగ్గర పోసినవీ, ఆ పురుగు దగ్గర పోసినవీ, ఆ బోర్డు దగ్గర పోసినవీ... నిన్ను దుకాణంలో కూర్చోబెడితే ఆ మాటలన్నీ ఎక్కడికి పోతాయి? మూటగట్టుకుని ఇంటికేగా తెస్తావు! వద్దు బాబూ. ఇక్కడే ఎవరి నెత్తినైనా పోసి రా."

"మా అల్లుడు బాగానే చెప్పాడే!" అంది ఫిక్రియా ఖాలా నా తరఫున.

"ఏం చెప్పాడు, ఖాలా?"

"అదంతా ఎవరికి గుర్తుంటుందే!"

చూశారా? ఉద్యోగం నిలిచింది. దుకాణం గండం తప్పింది. ఇంత మేలు చేసిన నిబంధనని శాపమంటే కళ్లు పోవూ?

ఇంటి ముందు దిగాక, ఆవిడ తాళం తీస్తుండగా ఆఖరి ప్రయత్నంగా అన్నాను. "ఇన్సాఫ్, పోనీ ఆ దేవత పేరు ఒక్కటి..."

ఆవిడ వెనక్కి తిరిగి పెదవుల మీద వేలు పెట్టింది. తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను, ఇది వరమే! ప్రతి గైడూ దీన్ని కళ్లకద్దుకోవాలి! నేనింకా గుమ్మం బయటే ఉన్నాను, ఇక్కడ మాట్లాడితే తప్పు లేదు. మీలో ఎవరైనా సరే, పుణ్యముంటుంది, "ఆవిడెవరు?" అని నన్నోసారి అడగరూ?