పర్మనెంట్ టెంపరరీ

ఒక మాట చాలినచోట రెండు మాటలు వాడటం తప్పంటారు కొందరు చదువుకున్నవాళ్లు. అయ్యా, అది వరం! నమ్మకపోతే గ్రేస్ మేడం సంగతి వినండి.

గ్రేస్ కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేది. పరీక్ష పేపర్లలోనే కాదు, తోవలో కూడా తప్పులు దిద్దేది. సెల్‌ఫోన్ల దుకాణంలో ‘ఫ్రీ గిఫ్ట్’ అనే బోర్డు చూసి, గిఫ్టుకు డబ్బు తీసుకునేవాళ్లెవరని యజమానిని నిలదీసింది. ఆటోడ్రైవర్ ‘రిటర్న్ వాపస్’ వస్తానంటే, రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకోమంది. అతను తేల్చుకున్నాడు. ఆమె ఎర్రటి ఎండలో నడిచి ఇల్లు చేరింది.

ఇంట్లో తల్లి మగ్దలేనమ్మ మాత్రం లొంగలేదు.

“గేటు దర్వాజ ఎయ్యి బిడ్డా” అన్నదామె ఒక సాయంత్రం.

“గేటంటేనే దర్వాజ కదనే అవ్వా. రెండెందుకు?”

“గేటంటె నువ్వు లేస్తవు, దర్వాజ అంటె మీ బాపు లేస్తడు. రెండూ అంటె ఎవలో ఒకలు లేస్తరు.”

గ్రేసే లేచి గేటు వేసింది.

ఎనిమిదేళ్లుగా కాలేజీ వాళ్లు ఆమెను ప్రతి జూన్‌లో కొత్తగా తీసుకుంటున్నారు, ప్రతి ఏప్రిల్‌లో తీసేస్తున్నారు. ఈ జూన్‌లో ప్రిన్సిపాల్ కరుణాకర్ పిలిచి ఆర్డర్ చేతిలో పెట్టాడు. ‘పర్మనెంట్ టెంపరరీ లెక్చరర్’ అని ఉంది. మొదటి మాటకు ఆమె ప్రాణం లేచొచ్చింది. రెండో మాటకు ఎక్కడిదక్కడ కూర్చుంది.

“సార్, గీ రెండు మాటలు ఒక్కకాడ ఉండయి. ఏదో ఒకటి కొట్టెయ్యాలె.”

“ఎందుకుండయి మేడం? ఎనిమిదేండ్ల సంది ఉంటలేవా?” అన్నాడు కరుణాకర్ శాంతంగా. “పర్మనెంటు పనికి. టెంపరరీ జీతానికి. రెండూ కావాలె.”

వ్యాకరణం ఇంత తేటగా విప్పి చెప్పిన గురువు ఆమెకు అంతవరకు దొరకలేదు. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. ఆర్డర్‌ను బల్ల మీదే ఉంచి, “వేరే కాలేజీ చూసుకుంట సార్” అని చెప్పి వచ్చేసింది.

మూడు వారాలు తిరిగింది. చివరకు ధర్మపురిలో ఒక కాలేజీ వాళ్లు గంటసేపు పాఠం చెప్పించుకొని విని, అక్కడికక్కడే ఆర్డర్ ఇచ్చారు. అందులో ‘లెక్చరర్’ అని ఉంది.

తిరుగు బస్సులో ఆమె ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. ఒక్క మాట చాలునని ఎనిమిదేళ్లు పాఠం చెప్పిన మనిషికి, ఆ ఒక్క మాట నమ్మబుద్ధి కాలేదు. రెండోది ఎక్కడ దాచారోనని కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది.