గుండీల కంపెనీలో మొదటి ఉద్యోగి

నా వ్యాపార జీవితంలో నష్టపోయానని నోరారా ఒప్పుకునే బేరం ఒక్కటే ఉంది. అది మా ఆవిడతో కుదుర్చుకున్నది. ముప్పై ఏళ్లు గడిచినా ఆ నష్టం తలుచుకుంటే హాయిగానే ఉంటుంది.

అప్పటికి మేము పరాయి దేశం వచ్చి రెండేళ్లు. ఒకరి కొట్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో గుండీల కంపెనీ పెట్టాను. కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. మూడో అంతస్తులో మా రెండు గదుల ఇల్లు, ముందు గదిలో ఒక బల్ల, దాని మీద ఫోను, గోడ పొడుగునా గుండీలు నింపిన నూట నలభై బిస్కెట్ డబ్బాలు. ఊళ్లో దర్జీలకు సరుకు పంపడం మా పని.

పన్నుల సంగతి చూడటానికి ఒక లెక్కలాయన్ని పెట్టుకున్నాను. ఏది అడిగినా ముందు నిట్టూర్చి ఆ తర్వాత జవాబు చెప్పేవాడు కాబట్టి ఇంట్లో ఆయన్ని నిట్టూర్పు గారు అనేవాళ్లం. మొదటి రోజే మూడు ముక్కలు చెప్పాడు. కంపెనీ వేరు, నువ్వు వేరు, దాని జేబులో చెయ్యి పెట్టకు. సరుకు మీద వసూలు చేసే అమ్మకం పన్ను నీది కాదు, సర్కారుది, దాన్ని విడిగా ఉంచు. కంపెనీ ఖర్చులు పోగా మిగిలిన లాభం మీదే పన్ను పడుతుంది, కాని ప్రతి ఖర్చుకీ కాగితం ఉండాలి.

మొదటి రెండూ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. మూడోది వినగానే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. జీతం కూడా ఖర్చేనా అని అడిగాను. ఆయన నిట్టూర్చి, ఖర్చే అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడతో, ఇవాళ్టి నుంచి నువ్వు కంపెనీ ఉద్యోగివి అన్నాను.

"జీతమెంత?" అంది. పనేమిటని అడగలేదు, చూశారా.

"కాగితం మీదేనోయ్. నీ పేరున జీతం రాస్తే లాభం తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది. డబ్బెక్కడికీ పోదు, మనింట్లోనే ఉంటుంది."

"ఇల్లు వేరు, కంపెనీ వేరు అన్నారటగా నిట్టూర్పు గారు."

"ముందు సంతకం పెట్టు."

ఆవిడ కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. ఆ రెండోసారి చదివినప్పుడే నేను జాగ్రత్త పడవలసింది. జీతం మరీ ఎక్కువైతే ఆవిడా పన్ను కట్టాలట. అందుకని పన్ను పడే గీటుకు బాగా కిందే ఉంచాను. ఆ దేశంలో కుక్కల్ని షికారు తిప్పేవాళ్లకు కూడా అంతకంటే ఎక్కువే ముడుతుంది.

దాని ఖర్చూ కంపెనీ లెక్కలోకే వస్తుందని, అదే ఊపులో ముందు గదిని కూడా ఆఫీసుగా రాయించాను. మర్నాడు పొద్దున బనీనుతో, కాఫీ గ్లాసుతో బల్ల దగ్గరికి వస్తే ఆవిడ తలెత్తకుండానే, "ఇది ఆఫీసండీ. కాఫీ లోపల తాగి, చొక్కా వేసుకుని రండి" అంది. ఆ ఏడాదంతా నా ఇంట్లో నేను చొక్కా గుండీలన్నీ పెట్టుకుని తిరిగాను.

ఏడాది చివర పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఉద్యోగి నిజంగా పనిచేస్తున్నదీ లేనిదీ చూడటానికి వస్తున్నాం అని. అబద్ధమని తేలితే జరిమానా. అది కట్టాలంటే నూట నలభై డబ్బాలూ అమ్ముకోవాలి. నిట్టూర్పు గారు ఈసారి రెండు నిట్టూర్పులు విడిచి, ఆవిడ చేసే పనులన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు.

రాయడానికి కూర్చున్నాను. "ఫోను ఎత్తుట" అని రాసి ఆగిపోయాను.

"ఏమోయ్, నువ్వు రోజంతా ఏం చేస్తుంటావు?"

"నేనేం చేస్తాను, ఇంట్లో ఖాళీగా ఉంటాను. మొన్న మీ స్నేహితుడితో మీరే అన్నారుగా."

"ఏదో మాటవరసకి అన్నాను."

"ఇదీ మాటవరసకే రాసెయ్యండి."

చేసేది లేక ఒక రోజంతా ఎదురుగా కూర్చుని చూశాను. కిటికీలోంచి పడే ఎండలో డబ్బాల మూతలు మెరుస్తున్నాయి. దర్జీ ఫోనులో రంగు చెబుతుండగానే ఆవిడ చెయ్యి సరైన డబ్బా మీదికి వెళ్లిపోయేది. మధ్యమధ్య నమూనా అట్టలకు గుండీలు కుట్టడం, బిల్లు రాయడం, మొండి బాకీదారుని అతని తల్లి మోకాళ్ల నొప్పి అడిగి మెత్తబరచడం, పొట్లాలు కట్టి పోస్టాఫీసుకు మోయడం. చివరికి ఒక చిన్న డబ్బా తీసి ఆ రోజు అమ్మకం పన్ను అందులో వేసింది. ఏడాది మొదటి నుంచీ వేస్తూనే ఉందట. ఇన్నాళ్లూ అందులో పిన్నులున్నాయనుకున్నాను. ఆ రోజు నేను రాసింది రెండున్నర పేజీలు. అప్పటిదాకా కంపెనీ ఒంటిచేత్తో నడుపుతున్నానని చెప్పుకున్నాను. ఆ చెయ్యి నాది కాదని తెలిసింది.

పన్నుల ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. నిట్టూర్పు గారూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆమె కోటుకు ఒక గుండీ లేదు. మా ఆవిడ ఒక్క చూపు చూసి, లేచి, అచ్చం అలాంటి గుండీ తెచ్చి ఇచ్చింది. ఊరికే ఇచ్చెయ్యమని నేను వెనక నుంచి సైగలు చేస్తున్నాను. ఆవిడ ఒక్క గుండీకి, పన్నుతో సహా బిల్లు రాసింది. చిల్లర తీసుకుని, పన్ను మటుకు చిన్న డబ్బాలో వేసింది.

ఆఫీసరమ్మ అప్పుడు మొదటిసారి నవ్వి, నా రెండున్నర పేజీలూ చదివింది. ఉద్యోగి నిజమే, అనుమానం లేదంది. నేను ఊపిరి పీల్చుకునే లోపే రెండో మాట చెప్పింది. ఇంత పనికి చట్టం ప్రకారం ఇవ్వవలసిన కనీస జీతంలో సగమే ఇస్తున్నారు, మిగతా సగం మొదటి నెల నుంచీ లెక్కగట్టి ఇవ్వండి, ఏడాదిలో ఒక్క సెలవూ ఇవ్వలేదు, అదీ ఇవ్వండి అంది. ఆ పేజీల కింద నా సంతకం ఉండనే ఉంది. నిట్టూర్పు గారి వైపు చూశాను. ఆయన నిట్టూర్చలేదు. నవ్వు ఆపుకుంటున్నాడు.

"పోనీలే, డబ్బు మనింట్లోనే ఉంటుందిగా" అన్నాను ఆమె వెళ్లాక.

"ఉంటుందండీ. నా ఖాతాలో."

సోమవారం నుంచి మా ఆవిడ సెలవు పెట్టింది. లోపలి గదిలో కాళ్లు చాపుకుని పుస్తకం చదువుతోంది. ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంది. ఎవరో దర్జీ, ఆవిడ లేరా అని నిరాశగా అడిగి, గోధుమరంగు నాలుగు కన్నాల గుండీలు కావాలన్నాడు. లైన్లో ఉండమని చెప్పి నలభై డబ్బాలు విప్పాను. నేలంతా గుండీలు.

గుమ్మంలోంచి గొంతు వినిపించింది. "తొంభై మూడో డబ్బా."

బతికించావు అన్నాను.

"సెలవు రోజు పనికి రెట్టింపు జీతమటండీ. నిట్టూర్పు గారిని అడిగాను."

నేల మీద గుండీల మధ్య కూర్చునే రాసిచ్చాను. ప్రతి ఖర్చుకీ కాగితం ఉండాలి కదా. ఆ కాగితం ఇప్పటికీ తొంభై మూడో డబ్బాలోనే ఉంది.