శర్మగారు కాశీలో వదిలింది

1962 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున నరహరి శర్మ భార్యతో కలిసి కాశీ నుంచి వచ్చి పెద్దపల్లి స్టేషన్లో రైలు దిగారు. ఆ రోజుకు ఆయన పెట్టుకున్న పనులు స్నానం, వంకాయ కూరతో భోజనం, ఆపైన నిద్ర.

కాశీకి పోయినవాళ్లు తమకు ఇష్టమైన తిండి ఒకటి గంగలో వదిలి రావాలి. మళ్లీ ఈ జన్మలో ముట్టకూడదు. భార్య అనసూర్య జామపండు వదిలి కళ్లు తుడుచుకున్నది. శర్మ కాకరకాయ వదిలారు. బుద్ధెరిగిన నాటి నుంచి ఆయన కాకరకాయ తిన్నది లేదు. నీళ్లలో పక్కనే నిలబడ్డ అనసూర్య ఆ మాట విన్నది.

శర్మకు పేరు తెచ్చింది ఆయన సిద్ధాంతం. భాష పిల్లలకు పుట్టుకతోనే వస్తుందని, నేర్పితే వచ్చేది కాదని పుస్తకం రాశారు. జిల్లాలో పంతుళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పిల్లవాడికి రాకపోతే తప్పు పంతులుది కాదని అందులో తేలింది. దాన్ని పంతుళ్ల ట్రైనింగ్ స్కూలుకు పాఠ్యపుస్తకం చేయడానికి కరీంనగర్‌లో ఇన్‌స్పెక్టర్ సంతకం ఒక్కటే మిగిలింది.

భోజనం అయ్యాక సిద్దిరాములు వచ్చాడు. అతను శర్మకు శిష్యుడు, ట్రైనింగ్ స్కూలులో ఆ సిద్ధాంతం చెప్పే పంతులు.

"కాశిల ఏం వదిలిండ్రు సారు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"నా పానం అసొంటిది వదిలిన. ఇగ దాని ఊసెత్తకు."

శర్మకు ప్రాణమేదో సిద్దిరాములుకు తెలుసు. చాయ తాగకుండానే లేచాడు.

మరునాడు ట్రైనింగ్ స్కూలులో ఆ పాఠం ఆగిపోయింది. సుల్తానాబాద్ బడిలో పంతుళ్లు కూడి, ఇక పిల్లలకు రాకపోతే జవాబు ఎవరు చెప్పాలని వాదించుకున్నారు. ఇన్‌స్పెక్టర్ సంతకం ఆపారు. పెద్దపల్లి పండితుడు తన సిద్ధాంతాన్ని గంగలో వదిలాడని హైదరాబాదు పత్రిక ఒకటి నాలుగు వరుసలు వేసింది. శర్మ సిద్దిరాములును పిలిపించి అదంతా అబద్ధమన్నారు. మరి వదిలింది ఏమిటని అతను అడిగితే మాట మార్చారు. దాంతో సిద్దిరాములుకు వార్త ఖాయమైంది.

శుక్రవారం జమ్మికుంట నుంచి రాజం సారు దిగాడు. శర్మతో కలిసి చదువుకున్నవాడు, శర్మ సిద్ధాంతం తప్పని ఊరూరా సభల్లో చెప్పేవాడు. గెలిచానని చెప్పుకోవడానికి వచ్చాడనుకుని శర్మ లోపలికి పోబోయారు. రాజం చేయి పట్టుకున్నాడు.

"గిట్ల చేస్తివేంది శర్మా? నిన్ను తిట్టుకుంటనే గింత పేరు సంపాదించిన. నువ్వే వదిలిపెడితె నన్ను సభకెవడు పిలుస్తడు? జర నా ముఖం చూసి వాపసు తీసుకో."

వదల్లేదని శర్మ ఒట్టేశారు.

"అయితె వదిలిందేందో చెప్పు. పెండ్లి బంతులల్ల నీ పక్కన కూసున్నోన్ని. ఏం తింటవో, ఏం నూకేస్తవో నాకెరుకనే."

శర్మ చెప్పలేదు. కాకరకాయ అంటే గంగనే మోసం చేసినట్టు తేలుతుంది. అలాంటి మనిషి పుస్తకం మీద ఏ ఇన్‌స్పెక్టరూ సంతకం పెట్టడు.

శనివారం ఆ ఇంట్లో కాశీ సమారాధన జరిగింది. యాత్ర చేసి వచ్చినవాళ్లు నలుగురికీ అన్నం పెట్టే ఆనవాయితీ అది. ఇన్‌స్పెక్టరూ రాజం సారూ వచ్చి బంతిలో కూర్చున్నారు. అనసూర్య గుత్తి వంకాయ వడ్డిస్తూ శర్మ దగ్గరికి వచ్చింది.

"సిద్ధాంతం వదల్లేదంటున్నరట. మరి వదిలిందేంది శర్మగారూ?" అని ఇన్‌స్పెక్టర్ అడిగారు.

బంతిలో చేతులు ఆగాయి. శర్మ గరిటెలోని వంకాయను చూశారు. ఇన్‌స్పెక్టర్‌ను చూశారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"వంకాయ," అన్నారు.

రాజం ఊపిరి పీల్చుకున్నాడు. వంకాయంటే శర్మ పడి చస్తాడని బంతికంతా సాక్ష్యం చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ నిజమేనా అన్నట్టు అనసూర్య వైపు చూశారు. సోమవారం శర్మ రెండోసారి అడిగి వేయించుకున్న కూర అది.

"నిజమే సారు," అన్నది అనసూర్య. "వంకాయ ముట్టడు ఇగ. కాకరకాయ ఎంత పెట్టినా వద్దనడు."

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టారు. ఆ పుస్తకాన్ని ఖండిస్తూ రాజం సారు మంచిర్యాలలో, ఆదిలాబాదులో సభలు జరిపాడు. శర్మ ఇంట్లో సోమవారం, గురువారం కాకరకాయ వండుతున్నారు. ఆయన తింటున్నారు.