శ్రీరామ్మూర్తి గారి డేటా నియంత్రణ విభాగం

నాగరికత అంటే నెలాఖరుకు మిగిలిన జీబీలేనని శ్రీరామ్మూర్తి గారు జూన్ రెండో తేదీ ఉదయం తొమ్మిదింపావుకు, కంచరపాలెంలోని సొంత ఇంటి హాల్లో నిలబడి ప్రకటించారు. సభికులు ముగ్గురు. భార్య కుసుమకుమారి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కొడుకు గుణశేఖర్ పోర్టులో షిఫ్టు దిగి వచ్చి, కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు. కోడలు అనూరాధ ఒక్కతే వింటోంది. (కోరం సరిపోయిందని మినిట్స్‌లో రాశారు.)

శ్రీరామ్మూర్తి గారు స్టీల్ ప్లాంటు టైమాఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఎవరు ఏ గేటు దగ్గరికి ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషికి, రిటైరయ్యాక, ఆలస్యంగా వచ్చేవాళ్లే కరువయ్యారు. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఇంటర్నెట్ ప్రతినెలా ఇరవయ్యో తేదీకల్లా నీరసించడం మొదలైంది. కంపెనీకి ఫోన్ చేస్తే, నెల కోటా అయిపోయింది కాబట్టి వేగం తగ్గించామన్నారు. ఎవరు వాడారని ఈయన అడిగారు. తెలియదన్నారు. లెక్క రాసే చోట కూర్చున్న మనిషి 'తెలియదు' అనడం ఆయన తన సర్వీసులో వినలేదు. ఆ పూట అన్నం సహించలేదు.

ఆ విధంగా కుటుంబ డేటా నియంత్రణ విభాగం ఏర్పడింది. ఎవరి ఫోన్ ఎంత వాడుతోందో క్షణక్షణం చూపించే యాప్ ఒకటి, దాన్ని చూడటానికి కొత్త ట్యాబ్ ఒకటి వచ్చాయి. వైఫై పెట్టె దగ్గర ఎవరు తచ్చాడుతున్నారో చూడటానికి ఒక కెమెరా, ఆ కెమెరాను ఎవరూ కదపకుండా చూడటానికి ఇంకో కెమెరా బిగించారు. వాడకాన్ని అవసరం, అర్ధావసరం, విలాసం అని మూడు తరగతులు చేశారు. వంట వీడియోలు అర్ధావసరం. వాటిని బొమ్మ మసగ్గా ఉండే క్వాలిటీలోనే చూడాలి.

"అలగైతే కూర ఏగిందో మాడిందో ఎలా తెలుస్తాది?" అంది కుసుమకుమారి.

"వాసన సూడు."

"ఫోన్లో వాసనొస్తాదేటి?"

ఆ ప్రశ్న పరిశీలనలో ఉందని రిజిస్టరులో రాసుకున్నారు.

ఇంత చేసినా జూన్‌లో నెట్ ఒక రోజు ముందే, పందొమ్మిదికే నీరసించింది. యాప్ తీస్తే సగానికి పైగా 'గుర్తుతెలియని పరికరం' తిన్నట్టు తేలింది. ముగ్గురినీ లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగారు. గుణశేఖర్ సంజాయిషీ రాయకుండా నోటితోనే చెప్పాడు.

"నాన్నా, అవి నువ్వెట్టిన కెమెరాలే. రోజల్లా వీడియో తీసి పైకి పంపుతన్నాయి. వాటిని పీకేస్తే సరిపోద్ది."

"మనిషిని చూసే కెమెరా, మనిషీ ఒకటేట్రా?"

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. పర్యవేక్షణకు అయ్యే వాడకం వాడకం కిందికి రాదు. కాబట్టి ఆ మేరకు మిగతా ముగ్గురి వాటా తగ్గించడమైనది. (సంతకం పెట్టి, స్టాంపు లేదని చాలాసేపు బాధపడ్డారు.)

జూలై మొదటి వారంలో అనూరాధ ఒక దరఖాస్తు పెట్టుకుంది. బీకాం చదివి కాపురానికి వచ్చి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఆమెకు వచ్చిన మొదటి ఇంటర్వ్యూ ఇది. గురువారం పదకొండు గంటలకు, వీడియోలో, నలభై నిమిషాలు. శ్రీరామ్మూర్తి గారు దరఖాస్తును మామగారి హోదాలో సిఫారసు చేశారు. నియంత్రణాధికారి హోదాలో ఆ సిఫారసుకు అభ్యంతరం తెలిపారు. రెండు రోజుల ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత మాటకు అనుమతి వచ్చింది, ముఖానికి రాలేదు.

"మావయ్యా, వాళ్లు కెమెరా పెట్టమంటారు."

"ఉద్యోగం మాటలకే కదమ్మా. మొహంతో వాళ్లకేటి పని?"

గురువారం పదకొండూ తొమ్మిదికి అవతలివాళ్లు ముఖం చూపించమన్నారు. అనూరాధ కెమెరా నొక్కింది. హాల్లో ట్యాబ్ ఎర్రగా వెలిగింది. శ్రీరామ్మూర్తి గారు యాప్‌లో ఆమె పేరు పక్కనున్న మీట నొక్కి నెట్ ఆపేశారు. రూమ్ నంబర్ రెండులో, అంటే వెనకగదిలో, నిబంధన ఉల్లంఘన అని రాసుకుని, ఆమె వచ్చి అడిగితే చెప్పాల్సిన సమాధానం సిద్ధం చేసుకుని కూర్చున్నారు. మంచి సమాధానం. మూడు పాయింట్లున్నాయి.

ఆమె అడగడానికి రాలేదు. ఫోన్ పట్టుకుని చెప్పుల్లేకుండా ఆయన ముందునుంచే నడిచి బయటికి వెళ్లిపోయింది. పక్కవాటాలో ఉండే కాసులమ్మ అప్పుడే చేపల బేరం ముగించుకుని వచ్చి గంప దించుతోంది.

"రాయే అమ్మా, ఇలా కూకో. నా ఫోన్లో నెట్టు దండిగా ఉంది, ఎవుడూ లెక్కెట్టడు. ఆగు, ఈ గంప అవతలెట్టెస్తాను, నీ ఎనకాల కనబడకుండా."

మధ్యలో ఉన్నది నడుమెత్తు గోడ. శ్రీరామ్మూర్తి గారు వరండాలోకి వచ్చి, రాని పేపరు కోసం చూస్తున్నట్టు నిలబడ్డారు. అవతలి గొంతు అడుగుతోంది, కోపంగా ఉన్న మనిషికి ఓపిగ్గా సమాధానం చెప్పిన అనుభవం ఏమైనా ఉందా అని.

"ఉందండి," అంది అనూరాధ. "రోజూ."

ఆయన లోపలికి వచ్చి రిజిస్టరు తీశారు. ఏ కాలమ్‌లో రాయాలో తెలియక మూసేశారు.

ఉద్యోగం వచ్చింది. అదీ ఆ ఇంటర్నెట్ కంపెనీలోనే, కస్టమర్ల ఫిర్యాదులు వినే పని, ఇంటినుంచే. కంపెనీ మనుషులు వచ్చి వెనకగదికి వేరే లైను లాగి, వేరే పెట్టె బిగించి వెళ్లారు. ఆ పెట్టె శ్రీరామ్మూర్తి గారి యాప్‌లో కనబడదు. పదడుగుల గది పరాయి దేశపు రాయబార కార్యాలయమైపోయింది. తలుపు తట్టకుండా లోపలికి వెళ్లకూడదు. (మొదటి రోజే కుసుమకుమారి తట్టి, కాఫీ ఇచ్చి, అక్కడే కూర్చుని కూర వీడియో స్పష్టంగా చూసి వచ్చింది.)

జూలైలో నెట్ పద్దెనిమిదికే పడిపోయింది. శ్రీరామ్మూర్తి గారు హాల్లో కూర్చుని కంపెనీకి ఫోన్ చేశారు. మీ కాల్ మాకెంతో ముఖ్యమని ఇరవై రెండు నిమిషాలు చెప్పారు. నాణ్యత కోసం సంభాషణ రికార్డు చేస్తామని కూడా చెప్పారు. తర్వాత ఫోన్లోంచి ఒక గొంతు పలికింది. అదే గొంతు వెనకగది తలుపు సందులోంచి కూడా వినబడింది.

"నమస్కారం సర్, నేను అనూరాధ. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

పెట్టేద్దామనుకున్నారు. ఇరవై రెండు నిమిషాలు గుర్తొచ్చాయి. గొంతు సవరించుకున్నారు.

"మా కోటా ఎవరు వాడేస్తన్నారో చెప్పగలరాండీ?"

ఆమె చెప్పింది. ఏ కెమెరా రోజుకు ఎంత పంపుతోందో, ట్యాబ్ ఎంత లాగుతోందో, ఏది తీసేస్తే ఇంట్లో అందరికీ నెట్ సరిపోతుందో, ఒక్కొక్కటీ నింపాదిగా, నాలుగు నిమిషాలపాటు చెప్పింది.

ఆరేళ్లలో కోడలు చెప్పిన మాటను ఆయన మధ్యలో అడ్డుతగలకుండా చివరిదాకా విన్నది అదే మొదటిసారి. (కాల్ రికార్డవుతోంది మరి.)