పల్లి నూనె బ్రేకు

ఆ పొద్దు మల్లేశ్ వేసుకున్న ప్రణాళికలో ఎక్కడా తిరకాసు లేదు. తొమ్మిదింటికి శశిధర్ రెడ్డి ఫామ్‌హౌసు ముందు బండి ఆపాలి. లోపలికి పోయి టిఫిన్ తినాలి. పదకొండింటికి పంచాయతీ ఆఫీసులో ఉపసర్పంచు కావాలి. ఈ మూడు పనుల్లో కష్టమైనది మొదటిదేనని అతనికి కలలో కూడా తోచలేదు.

మొయినాబాద్ నుంచి చిల్కూరు పోయే దారికి కాస్త లోపలగా ఉండే బోనగుట్టలో పంచాయతీ ఎన్నికలు ముగిసి ఒక రోజైంది. ఉపసర్పంచు ఎన్నిక మాత్రం కోరం లేక మరునాటికి వాయిదా పడింది. గెలిచినవాళ్ళవి మొత్తం తొమ్మిది ఓట్లు. నలుగురు శశిధర్ రెడ్డి మనుషులు, నలుగురు ఆయన చిన్నాయన కొడుకు రత్నాకర్ రెడ్డి మనుషులు. ఎవరి నలుగురిని వాళ్ళు తమ ఫామ్‌హౌసులో పెట్టుకుని, పూటకో కోడిని కోసి, కంటికి రెప్పలా కాపలా కాస్తున్నారు. తొమ్మిదో ఓటు స్వతంత్రంగా గెలిచిన మల్లేశ్‌ది. "నువ్వు నా దిక్కు రా, ఉపసర్పంచు నువ్వే" అని శశిధర్ రెడ్డి మాటిచ్చాడు. టెంట్ హౌసు నడిపే మల్లేశ్ ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ప్రతి సభకూ కుర్చీలు వేశాడే గాని, వేదిక మీది కుర్చీలో ఒక్కసారీ కూర్చోలేదు. పదవి అనే మాట వింటేనే అతని పెదవి తడారిపోతుంది.

బోనగుట్టలో ఎవరూ మనిషి మాటను నమ్మరు, బండిని నమ్ముతారు. ఎన్నిక పొద్దున ఎవరి గేటు దగ్గర బండి నిలబడితే ఆ మనిషి వాళ్ళ మనిషి. నడిచి పోతే దొంగచాటుగా పోయినట్టు లెక్క.

ఇక బండి సంగతి. అది కరెంటు బండి. చప్పుడు లేదు, పొగ లేదు, నాలుగు రోజులుగా బ్రేకు కూడా ఉండీ లేనట్టే ఉంది. లీవరు నొక్కితే వెన్నలో వేలు దిగినట్టు దిగుతోంది. మెకానిక్ మారయ్యకు చూపిస్తే ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"అన్నా, ఇది కరెంటుది. నేను ముట్ట. నాకు షాక్ కొడితె నా పెండ్లాం నిన్ను కొడ్తది. లైన్‌మెన్‌కు చూపియ్యి."

లైన్‌మెన్ వంగి చూసి, "బ్రేకుల నూనె ఉంటదన్నా. నూనె ఉన్నకాడ నాకేం పని? మెకానిక్‌కు చూపియ్యి" అన్నాడు.

ఇద్దరి మధ్యా రెండు రోజులు తిరిగాక మల్లేశ్‌కు ఒక్క ముక్క అర్థమైంది. ఇందులో నూనె ఉంటుంది, అది తగ్గింది. తగ్గితే పోయాలి, అంతేగా! వంటింట్లోంచి పల్లి నూనె డబ్బా తెచ్చి, హ్యాండిల్ మీది రెండు చిన్న డబ్బీల మూతలు విప్పి, నిండా పోసి, చేతులు తుడుచుకున్నాడు.

మొయినాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే కూతురు వర్షిత అది చూసి నెత్తి కొట్టుకుంది. "బాపూ, అది హైడ్రాలిక్ బ్రేకు! లోపల ఆ నూనె వత్తిడితోనే బ్రేకు పడ్తది. వంట నూనె పోస్తె రబ్బర్లు ఉబ్బి ఖరాబైతయి. చేవెళ్లకు తీస్కపోదాం పా, ఆడ కరెంటు బండ్లు చేసేటోళ్ళున్నరు."

వాళ్ళమ్మ కౌసల్యమ్మకు అందులో సగం మాటే వినబడింది. "హైడ్రానా! చెరువుల కాడి ఇండ్లు కూలగొట్టేటోళ్ళు మనింటికెందుకొస్తరే? మన గోడ చెరువుకు కోసెడు దూరమున్నది గదా!"

"హైడ్రా కాదే, బ్రేకు!" అన్నాడు మల్లేశ్.

"అయితె నా నూనె డబ్బా సగమెట్లయింది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండటానికే మల్లేశ్ గబగబా బండెక్కాడు. "ఎలక్షన్ అయినంక చేవెళ్లకు పోత తియ్యి. ఒక్క పూట ఓర్వదా బండి?" బండికి ఫుల్‌గా చార్జింగ్ అయింది, ఇక తాను చార్జి తీసుకోవడమే తరువాయి అనుకుని తనలో తానే నవ్వుకున్నాడు. ఆ నవ్వు గుట్ట ఏటవాలు దాకా ఉంది.

రెండు ఫామ్‌హౌసులూ గుట్ట దిగే సన్నని దారిలో అన్నదమ్ముల్లా పక్కపక్కనే, అన్నదమ్ముల్లాగే మధ్యలో గోడతో ఉన్నాయి. పైన శశిధర్‌ది, కింద రత్నాకర్‌ది. దారికి ఒక పక్కన మంచినీళ్ళ పైపుల కోసం తవ్విన కాలువ. ఒక్కసారి దిగడం మొదలుపెడితే బండి తిప్పే జాగా లేదు, తిప్పినా ఆ ఏటవాలు ఎదురెక్కదు. గుట్ట చుట్టూ తిరిగి మళ్ళీ పై నుంచే రావాలి.

శశిధర్ గేటు పది గజాలుందనగా మల్లేశ్ లీవర్లు నొక్కాడు. రెండూ మెత్తగా వచ్చి హ్యాండిల్‌ను ముద్దు పెట్టుకున్నాయి. గేటు దగ్గర శాలువా పట్టుకుని నిలబడ్డ శశిధర్ రెడ్డి "రా మల్లేశ్, రా రా" అంటుండగానే, మల్లేశ్ ఆయన ముందు నుంచి చప్పుడు లేకుండా దేవుడి పల్లకిలా సాగిపోయాడు. ఒక్క నిమిషంలో వస్తానన్నట్టు చెయ్యి ఊపాడు. చూసినవాళ్ళకు అది టాటా.

మిద్దె మీద పళ్ళు తోముకుంటున్న శశిధర్ మనిషి ఎల్లయ్య నోట్లో నురుగుతోనే అరిచాడు. "అరె, ఆగలే! రత్నాకర్ పటేల్ గేట్లకే పోతుండు!"

నిజమే. రెండు కాళ్ళూ నేలకు రాస్తూ, చెప్పుల అడుగులు అరగదీస్తూ, మల్లేశ్ తెరిచి ఉన్న రత్నాకర్ గేటులోకి దూసుకుపోయి, మార్కెట్‌కు పంపడానికి పోసిన బంతిపూల కుప్పలో ముందు చక్రం దిగబడి ఆగాడు. కుప్పకూలకుండా కుప్పలో కూలాడు, అదే పదివేలు.

"మల్లేశన్నా! పూలు మేం నీ మీద ఏసేటియి, నువ్వే పూల మీద పడితె ఎట్లనే?" అంటూ రత్నాకర్ రెడ్డి వచ్చి కావలించుకున్నాడు. "నాకు తెల్సు, నీ మనసు మా దిక్కే. ఏం గావాల్నో అడుగు."

మల్లేశ్ నోరు తెరిచాడు. బ్రేకు పడలేదంటే పల్లి నూనె సంగతి బయటికొస్తుంది. బండిని ఆపలేనివాడు ఊరినేం నడుపుతాడంటారు. తెరిచిన నోటిని ఎలా మూయాలో తెలియక, "ఏం లేదు పటేలా... ఊకనే వచ్చిన" అన్నాడు.

ఆ మాట పక్కనే ఉన్న సంగయ్యకు ముల్లులా దిగింది. ఆ క్యాంపులో ఉపసర్పంచు పదవి సంగయ్యకని ఒప్పందం.

"ఎలక్షన్ పొద్దుగాల ఊకనే ఎవడన్న వస్తడా పటేలా? నాకు చెప్పకుండ ఈయనకు గూడ మాటిచ్చినవా?"

"నీ మీదొట్టు సంగన్నా, నాకేం తెల్వదు!"

"ఒట్టు నా మీదనే ఎందుకు పెడ్తవ్? నీ మీద పెట్టుకో!"

వాళ్ళ గొడవ ముదిరేలోగా మల్లేశ్ బండి బయటికి లాగి గుట్ట చుట్టూ తిరగడానికి బయల్దేరాడు. బండిని అక్కడే వదిలి శశిధర్ దగ్గరికి నడిచి పోవచ్చు. కానీ బండి రత్నాకర్ ఇంట్లో ఉన్నాక, మనిషి ఎక్కడుంటే ఎవరికి కావాలి?

రెండోసారి ఫర్లాంగు దూరం నుంచే లీవర్లను పిసకడం మొదలుపెట్టాడు. దూరం నుంచి చూస్తే బండి మీద కూర్చుని బర్రె పాలు పితుకుతున్నట్టుంది. ఇంతలో శశిధర్ రెడ్డి దారి మధ్యకు వచ్చి చేతులు బార్లా చాపాడు.

"మల్లేశ్! ఆగు! మాటిచ్చి తప్పుతవా?"

"తప్పుకో పటేలా! తప్పుకో!"

ఒకరు తప్పు దగ్గర, ఒకరు తప్పుకో దగ్గర ఉండగా బండి రానే వచ్చింది. శశిధర్ రెడ్డి తెల్ల బట్టలతో సహా పైపుల కాలువలోకి దూకాడు. మల్లేశ్ మళ్ళీ బంతిపూలలోకి పోయాడు.

"పటేల్నే కాల్వల పడేసిండు!" మిద్దె మీద ఎల్లయ్య గుండె జారింది. "గంత ధైర్యం ఊకనే రాదు. అటు దిక్కు ఐదు ఓట్లు ఖాయమైనయ్. గెలిచేటోళ్ళ కాడికి పోదాం పాండ్రి." అప్పటికి అతను నోరు కడుక్కున్నాడు, ఇప్పుడు చేతులూ కడుక్కున్నాడు. ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని మధ్య గోడ ఎక్కాడు.

సరిగ్గా అప్పుడే అవతలి నుంచి సంగయ్య, "ఒకపారి ఊకనే, రెండోపారి గూడ ఊకనేనా?" అని రంకెలేస్తూ, తనలాగే ఓటున్న బావమరిదిని లాక్కుని అదే గోడ ఎక్కాడు. గోడ మీద నలుగురూ ఎదురెదురయ్యారు.

"ఏడికే సంగన్నా?"

"నువ్వు ఏడికెల్లి వచ్చినవో ఆడికే. నువ్వు?"

"నువ్వు వచ్చిన కాడికే."

మర్యాదగా ఒకరికొకరు దారిచ్చుకుని చెరో పక్కకూ దిగారు. గోడ మీది పిల్లి అంటే సామెతేననుకున్న వంటమనిషి, ఉల్లిగడ్డ కోయడం ఆపి కళ్ళారా చూశాడు.

ఇక మల్లేశ్ తట్టుకోలేకపోయాడు. "నా బ్రేకులు పోయినయ్! పల్లి నూనె పోసిన! నేను ఎవ్వరి దిక్కు రాలె, బండే తెచ్చింది!" అని ఉన్నదంతా కక్కేశాడు.

రత్నాకర్ రెడ్డి కడుపు పట్టుకుని నవ్వాడు. "మస్తు చెప్పినవన్నా! ఎవరన్న అడిగితె మనం గిదే చెప్దాం."

ఒంటినిండా ఎర్రమట్టితో గేటు దగ్గరికొచ్చిన శశిధర్ రెడ్డి నవ్వలేదు. "ముప్పై ఏండ్ల సంది రాజకీయం చేస్తున్న. గింత మంచి సాకు నాకు గూడ ఎన్నడు దొరకలే."

"సాకు కాదు పటేలా! నువ్వే నొక్కి సూడు!"

శశిధర్ రెడ్డి లీవరు నొక్కాడు. దారి పొడుగునా పిసికీ పిసికీ లోపల వత్తిడి చేరిందేమో, ఆ క్షణాన అది రాయిలా గట్టిగా ఉంది. ఆయన మల్లేశ్ వంక అదోలా చూశాడు. "బ్రేకు గట్టిదే. నువ్వు ఇంకా గట్టోనివి."

పదకొండు కావొస్తోంది. పటేళ్ళిద్దరూ తమ తమ మిద్దెల మీద తలలు లెక్కపెట్టుకున్నారు. అక్కడ నాలుగు, ఇక్కడ నాలుగు. లెక్క మారలేదు, తలలే మారాయి. గోడ దూకి వచ్చినవాళ్ళను నమ్మాలో, దూకకుండా మిగిలినవాళ్ళు ఎందుకు మిగిలారో ఇద్దరికీ అంతుపట్టలేదు. చివరికి గోడకు ఇటొకరూ అటొకరూ తమవాళ్ళ చెవిలో ఒకటే చెప్పారు. "మల్లేశ్ ఎనక ఏదో పెద్ద బలమున్నది. ఆయన పేరు మనమే ముందుగాల చెప్పాలె. లేకుంటె వాళ్ళు చెప్తరు."

మల్లేశ్‌కు ఇదేమీ తెలియదు. కుర్చీ చేజారిందని ఏడుపు మింగుకుంటూ, బండెక్కే ధైర్యం లేక చేత్తో నెట్టుకుంటూ పంచాయతీ ఆఫీసుకు వచ్చాడు. అరుగు మీదివాళ్ళు అది చూసి, "గెలుస్తడని తెల్సి గూడ నడిచి వస్తుండు. ఎంత వినయమో సూడు!" అన్నారు.

అధికారి కాగితం తీసి, "ఉపసర్పంచు పదవికి ఎవరిని ప్రతిపాదిస్తున్నారు?" అన్నాడో లేదో, ఎల్లయ్యా సంగయ్యా ఒక్కసారే లేచారు. "మల్లేశ్!" ఎవరు ముందన్నారనే దాని మీద అయిదు నిమిషాలు కొట్లాట జరిగింది. ఎన్నిక మాత్రం ఏకగ్రీవం.

మల్లేశ్ కుర్చీలో కూర్చుని, నిజం చెప్పకపోతే పాపమని మళ్ళీ లేచాడు. "అన్నలారా, ఇదంత పల్లి నూనె పుణ్యం..." అని మొదలుపెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎంత చెబితే అంత గట్టిగా కొట్టారు.

మరునాడు వర్షిత దగ్గరుండి బండిని ట్రాలీ ఆటోలో చేవెళ్లకు తీసుకుపోయింది. అక్కడి మెకానిక్ డబ్బీ మూత విప్పి ముక్కు చిట్లించాడు. "ఇది బ్రేకా, మిర్చి బజ్జీల మూకుడా?" పాత నూనె కడిగి, ఉబ్బిన రబ్బర్లు మార్చి, అసలైన బ్రేకు నూనె పోసి, లోపల చేరిన గాలి తీసి ఇచ్చాడు. ఇప్పుడు ఒక్క వేలితో నొక్కితే చాలు, గీత గీసినట్టు ఆగుతోంది.

ఆ సంబరంలో ఉపసర్పంచు గుట్ట దారి పట్టాడు. శశిధర్ రెడ్డి గేటు దగ్గర ఆపి, కాలువలో పడేసినందుకు మాఫీ అడిగాడు. రత్నాకర్ రెడ్డి గేటు దగ్గర ఆపి, నలిగిన పూలకు మాఫీ అడిగాడు. దారిలో సంగయ్య చెయ్యెత్తితే ఆపాడు, ఎల్లయ్య ఈల వేస్తే ఆపాడు.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: "పదవి రాంగనే మల్లేశ్ మారిపోయిండు, ఎవరు ఆపితె వాళ్ళ కాడ ఆగుతుండు."