కొట్టివేతల వివరం

డెబ్భై నాలుగు జూలైలో ఒక సోమవారం పొద్దున్నే తిరువూరు హైస్కూలు సోషలు మాస్టారు దశరథరామయ్య, కాఫీ తాగుతూ ఆనాటి పనంతా మూడు ముక్కల్లో తేల్చేశాడు. చిత్తుప్రతి నుంచి వ్యాసం సాపు రాయించడం, ఒంటిగంట బస్సెక్కడం, అయిదు లోపు బెజవాడలో యూనివర్సిటీ వారి ఆఫీసులో ఇచ్చి రావడం. ఆహా, ఎంత తేలిక! పరిశోధన సీటుకు అదే ఆఖరు రోజు. పైగా ఆ ఏటితో ఆయనకు వయసు దాటిపోతుంది. ఇది తప్పితే రిటైరయ్యేదాకా అశోకుడి చేత చెట్లు నాటిస్తూ బతకాల్సిందే.

వ్యాసం మెట్ట సేద్యం మీద. తీరా రాస్తే పదిహేను పేజీలు వచ్చింది. పది దాటకూడదని వాళ్ళ నిబంధన. మాస్టారు ఎర్రసిరా పెన్ను పట్టుకుని వారం రోజులు కూర్చున్నాడు. రైతులు చెప్పిన కబుర్లు, తన సందేహాలు, సొంత తోటలో చూసిన సంగతులు అన్నీ మోటుగా ఉన్నాయని కొట్టిపారేశాడు. లావుపాటి పుస్తకాల్లోంచి తెచ్చిన మాటలు మాత్రం భద్రంగా మిగిల్చాడు.

ఇక దస్తూరీ. ఆయనది కోడి కెలికినట్టుంటుంది. అందుకని బడికి వెళుతూ, రిజిస్ట్రారాఫీసు అరుగు మీద దస్తావేజులు రాసే వీరరాఘవయ్యగారి చేతిలో కాగితాలు పెట్టాడు.

“బాబాయిగారూ, పన్నెండున్నరకల్లా సాపు రాసి పెట్టాలి. నా బతుకు మీ చేతిలో ఉంది.”

“వెళ్ళిరా నాయనా. ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నా. నా రాతకు వంక పెట్టిన మొగాడు లేడు.”

కొట్టేసిన వాటి సంగతి మాస్టారు చెప్పలేదు. చెప్పాలని మాత్రం ఎవరికి తోస్తుంది? కానీ దస్తావేజులు రాసేవారి ధర్మం వేరు. అక్కడ కొట్టేసిన మాటను మాయం చెయ్యకూడదు. ఏ పేజీలో ఏ పంక్తిలో ఏం కొట్టేశారో చివర పూసగుచ్చినట్టు రాయాలి, చదివి వినిపించి సాక్షుల చేత సంతకాలు పెట్టించాలి. లేకపోతే రేపు తగాదా వస్తుంది. వీరరాఘవయ్యగారు ఒక్క ముక్క వదల్లేదు. ఎదురుగా ఉన్న కిళ్ళీకొట్టు అంకారావును, సైకిలు షాపు నిస్సార్‌ను పిలిచి, గొంతెత్తి చదివి, సంతకాలు పెట్టించారు.

ఆ చదవడంలో ‘రెడ్డిగూడెంలోని మా మామిడితోట’ అన్న ముక్క నిస్సార్ చెవిన పడింది. సంతకం పెట్టి తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్ళాడు.

“అమ్మగారూ, తోట రాసేస్తున్నారంటగా? నేనే సాక్షి సంతకం పెట్టి వచ్చా. ముందే ఓ మాట చెప్తే మా బావ కొనేవాడు గదండీ!”

ఆ తోట మాస్టారి భార్య, చదువురాని సరోజినీదేవికి పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చింది. ఇంకేముంది! పొయ్యి మీది పప్పు పొయ్యి మీదే ఉంది, ఆవిడ రిజిస్ట్రారాఫీసు దగ్గర ఉంది. మాస్టారు బడి నుంచి వచ్చేసరికి సాపు కాగితాలు ఆవిడ చంకలో ఉన్నాయి.

“నాతో మాట మాత్రం అనకుండా నా తోట అమ్ముతారా?”

“తోటేంటే? అది నా వ్యాసం!”

“వ్యాసమైతే సాక్షులెందుకండీ?”

“సాక్షులా?” మాస్టారు బిత్తరపోయి వీరరాఘవయ్యగారి వైపు తిరిగాడు. “బాబాయిగారూ, వ్యాసానికి సాక్షులేంటండీ?”

“కొట్టివేతలున్నాయిగా నాయనా! సాక్షుల్లేకపోతే చెల్లుద్దా?”

మాస్టారు భార్య చంకలోకి తొంగి చూశాడు. ‘రెండో పేజీ ఏడో పంక్తిలో, పత్తిలో కంది ఎందుకు కలుపుతారో నాకు తెలియలేదు, పెనుగొలను రైతు పిచ్చమ్మను అడిగితే నవ్వింది, అన్నది కొట్టివేయడమైనది.’ అలా అయిదు పేజీలు. తన తెలివితక్కువతనమంతా ముత్యాల్లాంటి అక్షరాల్లో మెరిసిపోతోంది. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో బస్సు హారను మోగింది.

“నీకు దణ్ణం పెడతా, ఆ కాగితాలు ఇటివ్వవే!”

“ఇవ్వను. బెజవాడ నేనూ వస్తా. ఎవరి చేతిలో పెడతారో కళ్ళారా చూస్తా.”

మైలవరం దాకా కాగితాలు ఆవిడ ఒళ్ళోనే ఉన్నాయి. అక్కడ మాస్టారు బతిమాలాడు.

“చివరి అయిదు పేజీలూ చింపేస్తానే.”

“సాక్షుల సంతకాలున్న కాగితం చింపితే జైల్లో వేస్తారు. మీకు తెలీదు, ఊరుకోండి.”

అయిదింటికి పది నిమిషాలుండగా యూనివర్సిటీ గుమాస్తాకు ఆవిడే స్వయంగా పదిహేను పేజీలూ అప్పజెప్పి, రసీదు అడిగి మరీ పుచ్చుకుంది. తోట భయం తీరి ఆవిడ తిరుగుబస్సులో హాయిగా నిద్రపోయింది. మాస్టారు మాత్రం అశోకుడి గురించి ఆలోచిస్తూ కూర్చున్నాడు.

నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు! మాస్టారు నమ్మలేక రెండోసారి చదివాడు. అప్పుడసలే అర్థం కాలేదు. ‘మీ వ్యాసంలోని పది పేజీలూ మేము రాసిన పుస్తకాల్లోవే. మావి మాకే వినిపించారు. దయచేసి ఇకమీదట ఇలాంటివి రాయకండి. అయితే కొట్టివేతల వివరం అద్భుతం. చేలో తిరిగి చూసినవీ, విన్నవీ, తెలియనివీ దాచకుండా, సాక్షుల సంతకాలతో సమర్పించిన మనిషిని మేమింతవరకు చూడలేదు. దాని మీదనే సీటు ఇస్తున్నాం.’

ఎగిరి గంతెయ్యాలో ఏడవాలో తెలియక మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయాడు. సరోజినీదేవి ఉత్తరమంతా చదివించుకుని విన్నది.

“కొట్టేసినదానికి సీటిచ్చారు, బాగానే ఉంది. మరి మీరు రాసినదానికి ఏమిచ్చారండీ?”

“మొట్టికాయలు,” అన్నాడు దశరథరామయ్య.